పొగను చూసి నిప్పును చెప్పడం



ఈ గూట్లో దీపం వెలిగించి రెండేళ్ళు దాటిపోయింది. ఛందస్సు మీద మొదలుపెట్టిన వ్యాసాల వరుస మూడవ భాగం దగ్గరే నిలిచిపోయింది. "మాస్టారూ, ఏమైపోయారు?" అని కొందరు మిత్రులు వేగులు పంపారు. "ఒంట్లో బాగులేదు" అని ఒక ముక్కలో జవాబిచ్చి ఊరుకొన్నాను. అంతకు మించి వ్రాయడానికి అప్పట్లో నాకు మాటలు చాలలేదు. ఇది అలంకారానికి అంటున్నది కాదు. నిజంగానే చాలలేదు. ఆ కథే ఈ టపా. కొంచెం నిడివి ఎక్కువ. ఓపిక చేసికొని చదవ ప్రార్థన.

2023 ఆషాఢమాసంలో ఒక సాయంకాలం. మనుమరాలికి సంధులు చెబుతున్నాను. "ఇది ఉత్వసంధి" అనబోయాను. "ఇది" అన్నాను. తరువాతి మాట రాలేదు. ఉకారసంధి అని కూడా అంటారని తెలుస్తూనే ఉంది, సూత్రం తెలుస్తూనే ఉంది, ఉదాహరణలు వరుసగా కళ్ళ ముందు నిలబడి ఉన్నాయి. నోరు మాత్రం తెరుచుకొని అలాగే ఉండిపోయింది. మూతి కుడిపక్కకు కొద్దిగా లాగింది. తాతయ్య ఆటపట్టిస్తున్నాడనుకొని పిల్ల నవ్వింది. రెండు నిమిషాలకు మాట వచ్చింది. వచ్చిన మొదటి మాట "మంచినీళ్ళు".

మా ఆవిడ ముందు ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. తరువాత మా అబ్బాయి హైదరాబాదు తీసుకొని వెళ్ళాడు. అది మూర్ఛలో ఒక రకమనీ, మాట ఆగడమే దాని లక్షణమనీ డాక్టర్లు చెప్పారు. ఎమ్మారై తీశారు. ఎడమవైపు నుదుటి వెనుక మెదడులో పెద్ద ఉసిరికాయంత కణితి. మెల్లగా పెరిగే జాతిదట. ఎన్నాళ్ళ నుండి అద్దె ఇవ్వకుండా కాపురం ఉంటున్నదో తెలియదు.

శస్త్రవైద్యుడు నలభై ఏళ్ళవాడు. ఇంచుమించు మా పెద్దబ్బాయి ఈడు. కుర్చీ నా దగ్గరకు జరుపుకొని ఇలా అన్నాడు.

"మాస్టారూ, దీన్ని తీయవచ్చు. అయితే ఇది మాటకు సంబంధించిన చోటికి ఆనుకొని ఉంది. ఎంతవరకు తీయవచ్చో తెలియాలంటే ముందు మీ మాట ఎక్కడుందో చూడాలి."

ముప్పై రెండేళ్ళు జిల్లా పరిషత్తు పాఠశాలల్లో తెలుగు చెప్పి బ్రతికినవాణ్ణి. మాటే నా వృత్తి, మాటే నా ఆస్తి. అది ఎక్కడుందో ఒక యంత్రం చూసి చెబుతుందట! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కణితిని గురించి కాదు నా చింత. దానితోపాటు నా తెలుగును కూడా ఒక పళ్ళెంలో వేసి తీసుకొని పోతారేమోనని.

ఆ పరీక్షను ఫంక్షనల్ ఎమ్మారై అంటారు. తెలుగులో ఏమనాలి? క్రియాత్మక అయస్కాంత అనునాద చిత్రణం అంటే గొంతుకు అడ్డం పడుతుంది. "పనిపటం" అందామనుకొన్నాను. మెదడు పని చేస్తున్నప్పటి పటం. ఇంతకంటె మంచి మాట తోచినవారు చెప్పండి, మార్చుకొంటాను.

పటం తీసేముందు రేడియాలజీ డాక్టరమ్మ వచ్చి పద్ధతి వివరించింది. గొట్టం వంటి యంత్రంలో పడుకోవాలి. కళ్ళ ముందు ఒక చిన్న అద్దం, అందులో తెర కనబడుతుంది. తెర మీద అక్షరం వచ్చినప్పుడు ఆ అక్షరంతో మొదలయ్యే మాటలు మనసులోనే తలచుకొంటూ పోవాలి. అర నిమిషం తరువాత ప్లస్ గుర్తు వస్తుంది. అప్పుడు ఏమీ తలచుకోకూడదు. మళ్ళీ అక్షరం, మళ్ళీ గుర్తు. తల వెంట్రుకవాసి కూడా కదలకూడదు.

మొదట వచ్చింది ఇంగ్లీషు అక్షరాలు. నాకు ఇంగ్లీషు రాక కాదు. కాని పోగొట్టుకొంటానేమోనని నేను భయపడుతున్నది దానిని కాదు. చేతిలో ఇచ్చిన గంట నొక్కాను. ఆమె పరుగున వచ్చింది.

"అమ్మా, నా తెలుగు ఎక్కడుందో చూడండి. ఇంగ్లీషు ఎక్కడుంటే నాకేమిటి?"

ఆమె ఒక క్షణం ఆలోచించింది. "నిజమే మాస్టారూ. పది నిమిషాలు ఆగండి" అని వెళ్ళి, కంప్యూటరులో క, ప, మ అక్షరాలు తానే టైపు చేసి తెచ్చింది. "ఱ మాత్రం పెట్టకమ్మా, దానితో మొదలయ్యే మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టాలి" అన్నాను. నవ్వింది. "పద్యాలు అప్పజెప్పకండి మాస్టారూ, కంఠస్థం చేసింది వేరే దారిన వచ్చేస్తుంది. అప్పటికప్పుడు వెదికి తెచ్చుకొన్న మాటలు కావాలి" అని హెచ్చరించింది. నా రోగం ఆమెకు అప్పుడే అర్థమైనట్టుంది.

ఆ యంత్రం చేసే రొద వినితీరవలసిందే. కంసాలి వీధిలో పది దుకాణాలు ఒక్కసారి పని మొదలుపెట్టినట్టుంటుంది. "క" వచ్చింది. కంకణము, కంచుకము, కందకము, కంబళి... నిఘంటువు వరుసలోనే వచ్చాయి. ఇది వెదకడమా, అప్పజెప్పడమా అన్న అనుమానంతో కావాలని వరుస తప్పించాను. కుంకుడుకాయ, కొడవలి, కాడి, కవ్వం. మాటలు తెచ్చుకోవడం కష్టం కాలేదు. ప్లస్ గుర్తు వచ్చినప్పుడు ఏమీ తలచుకోకుండా ఉండడమే కష్టం. దానికి యోగులు అడవులకు వెళ్ళారు. నాకు అర నిమిషం గడువిచ్చారు.

సాయంత్రం పటం చూపించారు. బూడిదరంగు మెదడు మీద ఎడమవైపు నారింజరంగు మచ్చలు. దీపావళి మర్నాడు అరుగు మీద మిగిలిన ప్రమిదల్లాగా ఉన్నాయి.

"ఇదా నా మాట?" అన్నాను.

"కాదు మాస్టారూ. ఇది మీ నెత్తురు" అన్నది డాక్టరమ్మ.

ఆ జవాబు నన్ను పట్టుకొంది. ఆ ఏడాది అధిక శ్రావణం వచ్చింది. ఆసుపత్రివారు ఇచ్చిన తేదీ ఎలాగూ దూరంగానే ఉంది, మా ఆవిడ కూడా నిజ శ్రావణం వచ్చేదాకా వీల్లేదని పట్టుబట్టింది. ఆ నెలరోజులూ నాకు దొరికినంత చదివాను, అర్థం కానిచోట డాక్టరమ్మకు ఫోను చేసి విసిగించాను. తెలిసికొన్నది మీతో పంచుకొంటాను.

మనిషి బరువులో మెదడు నూటికి రెండు పాళ్ళు. ఒళ్ళు ఊరకున్నప్పుడు వాడే ప్రాణవాయువులో మాత్రం ఐదవ వంతు దానిదే. దాచుకొనే అలవాటు లేదు, ఏ పూటకాపూట నెత్తురు తెచ్చిపెట్టాలి. అయితే పని చేసినప్పుడు ఆ నెత్తురు మారుతుందా అన్నది ప్రశ్న.

దీన్ని మొదట పట్టుకొన్నవారిలో ఇటలీ దేశపు ట్యూరిన్ నగరంలోని ఏంజెలో మోస్సో ఒకడు. 1870లలో ఆయన వద్దకు బెర్టీనో అనే రైతు వచ్చాడు. దెబ్బ తగిలి పుర్రె ఎముక కొంత పోయింది. లోపలి మెదడు నాడి కొట్టుకోవడం పైకే కనబడేది. మోస్సో దానికి ఒక పరికరం తగిలించి గీతలు గీయించాడు. ఒకనాడు మధ్యాహ్నం ప్రార్థనవేళ గంటలు మ్రోగాయి. చేతి నాడిలో ఏ మార్పూ లేదు. మెదడు గీత మాత్రం ఉబికింది. "ఆ గంట విని ప్రార్థన చేయాలనిపించిందా?" అని మోస్సో అడిగితే గీత మళ్ళీ ఉబికింది. ఎనిమిదిని పన్నెండుతో హెచ్చవేయమన్నా ఉబికింది. మనిషిని త్రాసు బల్ల మీద పడుకోబెట్టి, ఆలోచించినప్పుడు తలవైపు మొగ్గుతుందేమో చూడడానికి కూడా ఆయన ఏర్పాటు చేశాడు. నవ్వకండి. ఆనాడు ఉన్న పనిముట్టు అదే. మనసు బరువు తూచాలనుకొన్న మొదటి తక్కెడ అది.

1890లో కేంబ్రిడ్జిలో చార్లెస్ రాయ్, చార్లెస్ షెరింగ్టన్ అనే ఇద్దరు, మెదడు ఏ భాగం పని చేస్తే ఆ భాగానికి నెత్తురు తెప్పించుకొనే ఏర్పాటు మెదడులోనే ఉన్నదని ప్రతిపాదించారు. ఆరేళ్ళకు లియొనార్డ్ హిల్ అటువంటిదేమీ లేదని వాదించాడు. ఆయన మాట చెల్లింది. చాలాకాలం ఆ విషయం మూలపడింది.

నాకు అన్నిటికంటె మనసుకు హత్తుకొన్నది 1928లో జాన్ ఫుల్టన్ ప్రచురించిన ఒక నావికుడి కథ. అతని తల వెనుకభాగంలో, చూపుకు సంబంధించిన చోట, రక్తనాళాలు చిక్కుపడి ఉండలు కట్టాయి. బోస్టనులో హార్వీ కుషింగ్ శస్త్రచికిత్స చేయబోయి, తీయడం సాధ్యం కాదని మూసివేశాడు. కాని ఆ చోట ఎముక లేకపోవడం వల్ల లోపలి నెత్తురు హోరు బయటకు వినబడేది. ఆ నావికుడే ఒక సంగతి గమనించి చెప్పాడు. కళ్ళకు పని పెట్టినప్పుడు తలలో హోరు ఎక్కువవుతుందని. ఫుల్టన్ దాన్ని పరీక్షించి చూశాడు. వాసన చూపిస్తే హోరులో మార్పు లేదు. గడియారం చప్పుడు చెవి రిక్కించి వినమంటే మార్పు లేదు. సన్నని అక్షరాలు చదవమంటే హోరు పెరిగేది.

చదువు చప్పుడు చేస్తుంది! ఆలోచించండి మిత్రులారా. ముప్పై రెండేళ్ళు "మౌనంగా చదవండి" అని పిల్లలకు చెప్పాను. మౌనంగా చదివే ప్రతి పిల్లవాడి తల వెనుక ఒక చిన్న ఏరు పొంగుతూనే ఉన్నదన్నమాట. నాకు వినబడలేదంతే.

1940లలో సీమోర్ కెటీ, కార్ల్ ష్మిట్ అనేవారు మనిషి మెదడు మొత్తానికి వెళ్ళే నెత్తురును కొలిచే ఉపాయం కనిపెట్టారు. నూరు గ్రాముల మెదడుకు నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్లు. తీరా 1955లో లూయీ సోకొలోఫ్, కెటీ మొదలైనవారు నోటిలెక్కలు చేయిస్తూ కొలిస్తే ఆ మొత్తం పెరగనే లేదు. లెక్క చేసినా, చేయకపోయినా అంతే.

ఇదేమిటి, మోస్సో అబద్ధమా అని నాకు ఒక పూట తెగలేదు. మా ఊరి కాలువ గట్టు మీద నడుస్తుండగా తెగింది. మాది కృష్ణా పశ్చిమ డెల్టా. పెద్ద కాలువలో వచ్చే నీరు వచ్చినంతే వస్తుంది. ఏ చేను నారు అడిగితే ఆ తూము ఎత్తుతాడు లస్కరు. ఆ బోదె నిండుతుంది. పెద్ద కాలువ దగ్గర కొలబద్ద పెట్టుకొని కూర్చొన్నవాడికి మార్పు కనబడదు. బోదె గట్టున నిలబడ్డవాడికే కనబడుతుంది. మెదడులోనూ అంతే. మొత్తం మారదు, పంపకం మారుతుంది. పని పడిన నాడీకణాలు రసాయన సంకేతాలు పంపుతాయి. వాటిని అంటిపెట్టుకొని నక్షత్రాల ఆకారంలో ఉండే సహాయక కణాలు కొన్ని, తమ పాదాలతో రక్తనాళాలను తాకి ఉంటాయి. ఇవన్నీ కలిసి ఆ చోటి సన్నని ధమనులను వదులు చేస్తాయి. లస్కర్లు ఒక్కరు కాదు, చాలామంది ఉన్నారు. ఎవరి వాటా ఎంత అన్నదాని మీద పండితుల వాదం ఇంకా నడుస్తూనే ఉంది.

ఇక అసలు వింత. 1980లలో అమెరికాలో పీటర్ ఫాక్స్, మార్కస్ రేకల్ అనేవారు, పని పడిన చోటికి వచ్చే నెత్తురు పెరిగినంతగా అక్కడ వాడే ప్రాణవాయువు పెరగడం లేదని చూపించారు. 1988లో వారు వేసిన లెక్క ప్రకారం చూపు పని పెట్టినప్పుడు నెత్తురు నూటికి 50 పాళ్ళు పెరిగితే ప్రాణవాయువు వాడకం 5 పాళ్ళే పెరిగింది. చేను త్రాగేదానికంటె ఎక్కువ నీరు వదిలారు. మిగిలినది మురుగు కాలువలోకి పోతుంది.

ఆ మిగులే యంత్రానికి ఆధారం. హీమోగ్లోబిన్ ప్రాణవాయువును మోస్తున్నప్పుడు అయస్కాంతం దాన్ని ఆకర్షించదు. దించేసిన తరువాత ఆకర్షిస్తుంది. ఈ సంగతి లైనస్ పౌలింగ్, చార్లెస్ కొరియెల్ 1936లోనే కనిపెట్టారు. బరువు దించుకొన్న ఆ హీమోగ్లోబిన్ ఉన్నచోట ఎమ్మారై సంకేతం కొంచెం మసకబారుతుంది. 1990లో సేజి ఒగావా అనే జపాను శాస్త్రవేత్త అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఎలుకల మెదళ్ళను చూస్తూ, అవి మామూలు గాలి పీల్చినప్పుడు రక్తనాళాలు నల్లని గీతలుగా కనబడడం, శుద్ధ ప్రాణవాయువు పీల్చినప్పుడు ఆ గీతలు మాయం కావడం గమనించాడు. రెండేళ్ళు తిరగకుండా, 1992లో, ఆయనతో కలిపి మూడు బృందాలు ఆ ఉపాయంతో పని చేస్తున్న మనిషి మెదడును పటం తీశాయి. ఏ చోట పని జరిగితే ఆ చోటికి తాజా నెత్తురు అవసరానికి మించి వస్తుంది. అక్కడి సిరల్లో దించేసిన హీమోగ్లోబిన్ పలచబడుతుంది. మసక తగ్గుతుంది. చేను ఎంత త్రాగిందో చేనును అడగడం లేదు. మురుగు కాలువలో నీరు ఎంత తేటగా ఉన్నదో చూసి ఊహిస్తున్నారు.

నా నారింజరంగు ప్రమిదలు ఇవి. వెలుగు కాదు, రంగు కాదు. మనసులో "కవ్వం" అనుకొన్న తరువాత ఐదారు క్షణాలకు పతాకస్థాయికి వచ్చే అలజడి. అదీ నూటికి ఒకటి రెండు పాళ్ళ తేడా. అందుకే అన్నిసార్లు అక్షరం, గుర్తు, అక్షరం, గుర్తు అని త్రిప్పి త్రిప్పి అడిగింది. ఒక్కొక్క చుక్క మూడు మిల్లీమీటర్ల ఘనం అనుకొన్నా, అందులో లక్షలాది నాడీకణాలుంటాయి. ఏ తేడా నిజమో, ఏది కాకతాళీయమో లెక్కలు కట్టి, ఒక హద్దు గీసి, హద్దు దాటినవాటికి రంగు వేస్తారు. హద్దు సరిగ్గా గీయకపోతే ఏమవుతుందో చూపడానికి 2009లో క్రెయిగ్ బెన్నెట్ తన సహచరులతో కలిసి చచ్చిన సాల్మన్ చేపను యంత్రంలో పెట్టి, మనుషుల బొమ్మలు చూపించి, ఈ మనిషి ఏ భావంలో ఉన్నాడో చెప్పమని అడిగాడు. చేప మెదడులో రంగు చుక్కలు వచ్చాయి! జాగ్రత్తగా దిద్దిన లెక్క కట్టగానే పోయాయి. మార్కులు వేసేవాణ్ణి కాబట్టి నాకు ఇది బాగా అర్థమైంది. చేతిలో ఎర్రసిరా ఉన్నంత మాత్రాన దిద్దుబాటు కాదు.

ఇప్పుడు నాకు తెలిసిన శాస్త్రంలోకి వస్తాను. భాషాప్రవీణ చదివే రోజుల్లో మా గురువుగారు సరదాపడి తర్కసంగ్రహం కూడా కొంత చెప్పారు. దాన్ని వ్రాసిన అన్నంభట్టు తెలుగువాడు కావడం ఆయనకు గర్వకారణం. కొండ మీద పొగ కనబడింది. పొగ ఉన్నచోట నిప్పు ఉండడం వంటింట్లో చూశాం. కనుక కొండ మీద నిప్పు ఉన్నది. ఇది అనుమానప్రమాణం. పనిపటం కూడా అచ్చంగా ఇంతే. నెత్తురు పొగ, మెదడు పని నిప్పు. పొగను చూసి నిప్పును చెబుతున్నారు.

తర్కం అక్కడితో ఆగదు. పొగమంచును చూసి పొగ అనుకొంటే? ఊపిరి బిగబట్టి చూడండి. బొగ్గుపులుసు గాలి పెరిగి, కొత్తగా ఏ పనీ లేకుండానే మెదడంతటా నెత్తురు పెరుగుతుంది. అది పొగమంచు. కాఫీ త్రాగితే నెత్తురు తగ్గుతుందట. ఆలోచన తగ్గిందని కాదు కదా, మనమంతా ఆలోచించడానికే త్రాగుతాం. ఇంకొక చిక్కు కూడా తార్కికులు చెప్పారు. పొగ ఉంటే నిప్పు ఉంటుంది సరే. నిప్పు ఉంటే పొగ ఉంటుందా? ఉండనక్కరలేదు. కొలిమిలోంచి తీసిన ఎర్రని ఇనుపగుండును చూడండి. నిప్పు నిండుగా ఉన్నది, పొగ లేదు. తడికట్టె కలిసినప్పుడే పొగ వస్తుంది.

ఈ ముక్క చదువుకొన్నప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. అరవై ఆరో ఏట అది నా నెత్తిన పడింది.

శస్త్రచికిత్సకు వారం ముందు డాక్టరు గారు పటం మళ్ళీ ముందు పెట్టారు. రంగు మచ్చలకు, కణితికి నడుమ రంగులేని చోటు కొంత ఉన్నది. "ఇక్కడ రంగు లేదు కదా, ఇక్కడిదాకా నిక్షేపంగా తీయవచ్చు కదా?" అన్నాడు మా అబ్బాయి. ఆశ కొద్దీ అన్నాడు. నాకూ అదే ఆశ.

డాక్టరు గారు తల అడ్డంగా ఊపారు. "కణితి పక్కన రక్తనాళాలు మామూలుగా ఉండవు బాబూ. పని జరుగుతున్నా అవి స్పందించకపోవచ్చు. రంగు ఉంటే పని ఉన్నదని చాలావరకు నమ్మవచ్చు. రంగు లేకపోతే పని లేదని నమ్మలేం."

"ఇనుపగుండు" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. చెప్పాను. ఆయన కాసేపు ఊరుకొని, "మేము రెండు పేజీలు వ్రాస్తాం మాస్టారూ దీన్ని" అన్నారు. తరువాత తన ఉద్దేశం చెప్పారు. నన్ను మేలుకొలిపి ఉంచి శస్త్రచికిత్స చేస్తారట. మెదడుకు నొప్పి తెలియదు. చర్మానికీ ఎముకకూ మాత్రం మత్తు ఇస్తారు. నేను మాట్లాడుతూ ఉంటాను. వారు చిన్న విద్యుత్తు తాకించి, ఏ చోట తాకితే మాట ఆగుతుందో చూసి, ఆ చోటు వదిలేస్తారు. పొగను చూసి ఊహించడం కాదు, చెయ్యి పెట్టి చూడడం. మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ గత శతాబ్దంలో ప్రసిద్ధికి తెచ్చిన పద్ధతి.

మా ఆవిడతో చెప్పినప్పుడు ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "మేలుకొని ఉంటే మీరు ఊరుకోరు కదండీ, వాళ్ళ తెలుగు దిద్దుతారు" అన్నది చివరికి. కళ్ళు తుడుచుకొంది.

ఆ రోజు సంగతి ఎక్కువగా వ్రాయను. చలి గుర్తుంది. తలను కదలకుండా బిగించిన చట్రం గుర్తుంది. నా ముఖానికెదురుగా నీలం గుడ్డల పందిరి క్రింద ఒక అమ్మాయి, మాట చికిత్స చేసే ఆవిడ, బొమ్మల అట్టలు పట్టుకొని కూర్చొన్నది. ప్రతి బొమ్మకూ "ఇది" అని మొదలుపెట్టి పేరు చెప్పాలి. ఇది గొడుగు. ఇది కత్తెర. ఇది ఏనుగు. ఒకటో తరగతి పిల్లవాడిలాగా చెబుతున్నాను. ఇది నిచ్చెన. ఇది తాళంచెవి.

ఒక బొమ్మ వచ్చింది. "ఇది" అన్నాను.

బొమ్మ తెలుసు. తాటాకుతో చేసింది. వేసవి రాత్రులు అరుగు మీద పడుకొంటే మా అమ్మ దానితో విసురుతూ ఉండేది. విసిరి విసిరి ఆమె చెయ్యి ఆగిపోయేది, మాకు చెమట పట్టి కదిలితే నిద్రలోనే మళ్ళీ ఆడేది. ఆ గాలి నా మెడకు తగిలింది. దాని అంచుకు కుట్టిన ఎర్రగుడ్డ పేలిక కూడా కనబడింది. పేరు లేదు. దాని చోట గోడ ఉన్నది.

"ఇది... ఇది..."

వెనుక నుండి డాక్టరు గారి గొంతు. "తీసేశాం. ఇప్పుడు చెప్పండి మాస్టారూ."

"విసనకర్ర."

మళ్ళీ తాకించారు. వేరే బొమ్మ, మళ్ళీ గోడ. మూడుసార్లు చూసి అక్కడ ఒక చిన్న కాగితపు ముక్క పెట్టారట, గుర్తుకు. తరువాత తెలిసింది. అది పటంలో రంగు లేని చోటే. మా అబ్బాయి తీయవచ్చు కదా అన్న చోటే.

ఆ చోటు వదిలేశారు. దానితోపాటు దానిని పట్టుకొని ఉన్న కణితి ముక్క కూడా మిగిలిపోయింది. అంతా తీసి ఉంటే ఏమయ్యేదో, మిగిల్చినందుకు ముందు ముందు ఏమవుతుందో, రెండూ నాకు తెలుసు. ఎంచుకోమంటే మళ్ళీ ఇదే ఎంచుకొంటాను. ఆరు నెలలకొకసారి ఎమ్మారై తీస్తున్నారు. ఇప్పటిదాకా అది పెరగలేదు.

పటం అబద్ధం చెప్పిందని నేను అనడం లేదు. నా మాట ఎడమవైపే ఉన్నదని చెప్పింది, నిజమైంది. ఎటునుండి లోపలికి వెళ్ళాలో దానిని చూసే నిర్ణయించారు. చెప్పగలిగినంత చెప్పింది. చెప్పనిదాన్ని కూడా చెప్పినట్టు మనం చదువుకోబోయాం.

మొదటి మూడు వారాలు నాకు మాట సరిగా రాలేదు. వాపు తగ్గేదాకా అంతేనన్నారు. అడిగినదానికి జవాబు లోపల సిద్ధంగా ఉండేది. చూడవచ్చినవారు నా ముఖం చూసి, కాసేపు ఆగి, ఆ జవాబు మా అబ్బాయిని అడిగేవారు. నేను అక్కడ లేనట్టే. ఒక దూరపు బంధువు "పాపం, ఏమీ తెలియడం లేదు" అని కూడా అన్నాడు. నాకు అన్నీ తెలుస్తున్నాయి. ఆయన చొక్కాకు గుండీ ఒకటి తప్పు కాజాలో పెట్టుకొన్నాడని కూడా తెలుస్తున్నది.

ఆ రోజుల్లో నాకు ఒక పిల్లవాడు గుర్తుకు వచ్చాడు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఎనిమిదవ తరగతి, గోడవైపు వరుసలో చివర. పద్యం అప్పజెప్పమంటే లేచి నిలబడేవాడు. మొదటి అక్షరం దగ్గర పెదవులు కదిలేవి, ఆగేవి. చూసేవాణ్ణి, కూర్చోమనేవాణ్ణి. కొన్నాళ్ళకు అడగడం మానేశాను. ఒకసారి తరగతి అందరిముందు "వీడి బుర్రలో ఏమీ లేదు" అన్నాను. అందరూ నవ్వారు. వాడు కూడా నవ్వాడు. ఏడాది చివర వాడి నోటుపుస్తకం నా చేతికి వచ్చింది. అన్ని పద్యాలూ పొల్లుపోకుండా వ్రాసి ఉన్నాయి. చూచి వ్రాశాడనుకొన్నాను.

నేను చదువుకొన్న తర్కం అప్పుడు ఏమయిందో తెలియదు. వాడు ఇప్పుడు ఎక్కడున్నాడో కూడా తెలియదు. యాభై దాటి ఉంటాడు. మా పాత సహోపాధ్యాయుల నడిగాను, ఎవరికీ గుర్తు లేదు. గుర్తు ఉండడానికి వాడు మాట్లాడితే కదా.

ఇప్పుడు నా మాట దాదాపు పూర్తిగా వచ్చింది. అప్పుడప్పుడు ఒక వస్తువు పేరు నాలుక చివరిదాకా వచ్చి వెనక్కు పోతుంది. మా ఆవిడ పరీక్షాధికారి అయింది. ప్రొద్దున్నే వంటింట్లోంచి ఏదో ఒకటి ఎత్తి చూపుతుంది. "ఇదేమిటండీ?" అట్లకాడ. "ఇదో?" పట్టకారు. జల్లెడ. కవ్వం. నిన్న ఒకటి చూపింది, రాలేదు. ఆమె తొందరపెట్టలేదు, అందించలేదు. అది చేత్తో పట్టుకొని అలాగే నిలబడింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. అయినా నిలబడే ఉన్నది.

"చేరెడుగరిటె" అన్నాను.

పాలు పొంగిపోయాయి. పోనివ్వండి అన్నది.

ఛందస్సు వ్యాసాలు మూడవ భాగం నుండి మళ్ళీ మొదలుపెడతాను. తప్పులుంటే మునుపటిలాగానే నిర్మొహమాటంగా చెప్పండి. జవాబు ఆలస్యమైతే మాత్రం కొంచెం వేచి చూడండి.